పాత బడి తలుపులకు లోపలి తాళం: ఏడాది వాడిన తరువాత

తరగతి గదిలో ఉన్న టీచరు తలుపు తెరవకుండా, వరండాలోకి అడుగు పెట్టకుండా లోపలి నుంచే తాళం వేసుకోగలగాలి. తాళం వేసి ఉన్నప్పుడు కూడా లోపలివారు తాళంచెవితో పని లేకుండా, హ్యాండిల్ ఒక్కసారి కిందికి నొక్కి బయటికి రాగలగాలి. ఈ రెండూ ఒకే తాళంలో కుదిరే సరుకు కోసం మా పాఠశాల భవన నిర్వహణ సంఘం చాలాకాలం వెదికి, చివరికి ఒక రకాన్ని ఎంచుకుని, 16 గదుల్లో 14 గదులకు బిగించింది. బిగించి ఏడాది దాటింది కనుక ఆ తాళం గురించి ఇప్పుడు నమ్మకంగా కొన్ని మాటలు చెప్పగలను. సంఘం తరఫున ఆ పని దగ్గరుండి చూసుకున్నవాణ్ణి నేనే. అయితే ఈ సమీక్షలో సగానికి సగం తాళం గురించి కాక తలుపుల గురించి ఉంటుంది. అరవై ఏళ్లు పైబడిన భవనంలో ఆ రెంటినీ విడదీసి మాట్లాడటం సాధ్యం కాదని ఈ ఏడాదిలో తెలిసివచ్చింది.

మా తలుపులకు మొదటి నుంచీ ఉన్న తాళాల్లో తాళంచెవి రంధ్రం బయటి వైపు మాత్రమే ఉండేది, లోపల వట్టి గుండ్రటి నాబ్. తాళాల వ్యాపారంలో దీనికి క్లాస్‌రూమ్ ఫంక్షన్ అనే పేరే స్థిరపడింది. పిల్లలు లోపల చేరి తాళం వేసుకుని టీచరును బయట నిలబెట్టకుండా ఉండేందుకు ఈ ఏర్పాటు పనికివస్తుంది, ఆ మేరకు అది సబబైనదే. కానీ ప్రమాదం వరండాలో ఉన్నప్పుడు తలుపుకు తాళం వేయడానికి టీచరు ఆ వరండాలోకే వెళ్లవలసి వస్తుంది. 2012 డిసెంబరు 14న అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో జరిగిన కాల్పుల్లో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు హతులయ్యారు. ఆ తరువాత ఏర్పడిన సలహా సంఘం 2015లో ఇచ్చిన నివేదికలో, తరగతి గది తలుపులకు లోపలి నుంచి తాళం వేసుకునే వీలు ఉండాలని ప్రత్యేకంగా సిఫారసు చేసింది. 2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్‌లో కాల్పులకు 17 మంది చనిపోయిన ఉన్నత పాఠశాలలో కూడా తరగతి తలుపులు బయటి నుంచి మాత్రమే తాళం పడేవే.

మేము తీసుకున్నది లివర్ హ్యాండిల్ ఉన్న భారీ రకం తాళం. బయటి హ్యాండిల్‌లో తాళంచెవి దూర్చి తిప్పే సిలిండర్ ఒకటి ఉంటుంది. లోపలి వైపున తాళంచెవితో తిప్పే మరో సిలిండర్ గానీ, వేళ్లతో తిప్పే చిన్న మర గానీ అమర్చుకోవచ్చు. లోపలి నుంచి తిప్పితే బయటి హ్యాండిల్ బిగుసుకుపోతుంది, లోపలి హ్యాండిల్ మాత్రం ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. బయటి నుంచి తాళంచెవి ఉన్నవారు ఎప్పుడైనా తెరవగలరు. వీటన్నిటికంటే నాకు విలువైనదిగా తోచింది లోపలి పలకపై ఉన్న చిన్న కిటికీ. తాళం పడితే అందులో ఒక రంగుతో పాటు 'వేసి ఉంది' అని తెలిపే గుర్తు, పడకపోతే మరో రంగు, మరో గుర్తు కనబడతాయి. ఇది లేని రకాన్ని ముందు ఒక గదిలో పెట్టి చూశాము. తాళంచెవిని ఎటు తిప్పితే తాళం పడుతుందో టీచర్లకు గుర్తుండేది కాదు. పడిందో లేదో తేల్చుకోవాలంటే బయటి హ్యాండిల్ నొక్కి చూడాలి, అంటే మళ్లీ తలుపు తెరవాలి. గది అవతలి చివర నుంచి కూడా కనబడే సూచిక లేని లోపలి తాళాన్ని ఏ పాఠశాలా కొనకూడదని నా అభిప్రాయం.

తాళంచెవా, వేలి మరా అన్న దానిపై మా సంఘంలో చాలా వాదన జరిగింది. వేలి మర అయితే పిల్లలు ఆకతాయితనంగా తాళం వేస్తారని కొందరు, తాళంచెవి అయితే చేతులు వణికే వేళ రంధ్రం దొరకదని కొందరు అన్నారు. సెలవులో ఉన్న టీచరు స్థానంలో ఒక్కరోజు పాఠం చెప్పడానికి వచ్చినవారి దగ్గర ఆ గది తాళంచెవి ఉంటుందన్న భరోసా కూడా లేదు. చివరికి వేలి మర వైపే మొగ్గాము. ఏడాదిలో మూడుసార్లు పిల్లలు టీచరును బయట పెట్టి తాళం వేసిన మాట నిజమే. మూడుసార్లూ టీచరు తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తెరిచి లోపలికి వెళ్లారు. ఆ అల్లరి అంతటితో ఆగింది.

బయటికి రావడం గురించి చెప్పిన షరతును తాళం వేయడం గురించిన షరతు కంటే తక్కువగా చూడవద్దని కోరుతున్నాను. అమెరికాలో ఎన్‌ఎఫ్‌పీఏ 101 అనే ప్రాణరక్షణ నియమావళి, గదిలోంచి బయటపడటానికి తాళంచెవి గానీ, పనిముట్టు గానీ, ప్రత్యేకమైన తెలివిడి గానీ అవసరం కాకూడదని చెబుతుంది. తెరిచే పిడి నేల నుంచి 34 నుంచి 48 అంగుళాల ఎత్తులో, అంటే సుమారు 86 నుంచి 122 సెంటీమీటర్ల మధ్య ఉండాలని కూడా అంటుంది. పిల్లలు మంటల్లో చిక్కుకున్న దుర్ఘటనలు నేర్పిన పాఠాలు ఇలాంటి నియమాల వెనుక ఉన్నాయి. 1958 డిసెంబరు 1న షికాగోలో అవర్ లేడీ ఆఫ్ ది ఏంజెల్స్ పాఠశాల అగ్నిప్రమాదంలో 92 మంది పిల్లలు, ముగ్గురు సన్యాసినులు మరణించారు. అది పాత భవనం. మెట్ల దారి గుండా లేచిన పొగ, వేడి పై అంతస్తు వరండాను కమ్మేసి, గది తలుపుల మీద ఉన్న వెంటిలేటర్ల అద్దాలను పగలగొట్టి లోపలికి చొరబడ్డాయి. మా భవనంలోనూ ప్రతి తలుపు మీద అలాంటి అద్దపు వెంటిలేటర్ ఉంది. తాళం కోసం తలుపులు చూడబోయినప్పుడు గానీ వాటి సంగతి మాకు తట్టలేదు.

ఈ తాళంతో పాటు పోల్చి చూడటానికి, తలుపు అడుగున బిగించి నేలలోని రంధ్రాల్లోకి ఉక్కు కడ్డీలు దించే ఒక అడ్డును కూడా తెప్పించాము. బిగించడం సులువు, తలుపుకు పెద్ద రంధ్రాలు పెట్టనక్కరలేదు, అమ్మినవారు దాని బలాన్ని ఎంతో గొప్పగా చూపించారు. బలం విషయంలో వారి మాట అబద్ధం కాదు. కానీ వారం తిరగకముందే నేలలోని రంధ్రాలు సుద్దపొడితో, ఊడ్చిన చెత్తతో నిండిపోయి కడ్డీ సగంలోనే ఆగిపోయింది. పెట్టెలోంచి తీసి, వంగి, కడ్డీని రంధ్రానికి సరిపెట్టడానికి కొత్తవారికి అర నిమిషం దాకా పట్టింది. చక్రాల కుర్చీలో ఉన్న టీచరుకు అది అసలు అందదు. తీయడానికి ముందు కడ్డీ ఎత్తాలి, తరువాత హ్యాండిల్ తిప్పాలి, అంటే ఒక్క కదలికలో బయటపడాలన్న నియమం అక్కడే తప్పుతుంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టినది మరొకటి. ఆ అడ్డు వేసిన గదిని బయటి నుంచి ఎవరూ మామూలుగా తెరవలేరు. గదిలో ఇద్దరు పిల్లల మధ్య గొడవ ముదిరినా, ఎవరైనా ఒక చిన్నపిల్లను లోపల బంధించినా, సాయానికి పరుగెత్తుకొచ్చిన పెద్దలు తలుపు ముందు నిలబడిపోవలసిందే. బడిలో అలాంటివి జరిగే అవకాశం ఆయుధంతో దుండగుడు వచ్చే అవకాశం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని తిప్పి పంపించాము.

ఇక బిగింపు. తాళం అమ్మినవారు పంపిన పనివాళ్లు చురుకైనవాళ్లే. రెండు రోజుల్లో 14 తలుపులకూ రంధ్రాలు కోసి, తాళాలు బిగించి, ఒక్కొక్క దాన్నీ తిప్పి చూపించి, కాగితం మీద సంతకం తీసుకుని వెళ్లిపోయారు. మూడో రోజు నేను ఒక్కణ్ణే వెళ్లి ప్రతి తలుపూ మూసి, తాళం వేయించి, వరండాలోంచి గట్టిగా లాగి చూశాను. తొమ్మిది తలుపులు తెరుచుకున్నాయి. సూచిక కిటికీ మాత్రం తొమ్మిదింట్లోనూ తాళం వేసి ఉన్నట్టే చూపిస్తోంది. పనివాళ్లు పరీక్షించినదంతా తలుపులు తెరిచి ఉంచి చేసినదని అప్పుడు అర్థమైంది. తాళం పని చేస్తోంది, బయటి హ్యాండిల్ బిగుసుకుంటోంది, కానీ తలుపు అంచులోంచి వచ్చే నాలుక ద్వారబంధంలోని రంధ్రంలో పడనే లేదు. ఫోన్ చేస్తే, తలుపులు సరిచేయడం తమ ఒప్పందంలో లేదన్నారు. ఒప్పందం చదివితే నిజంగానే లేదు. ఆ తప్పు మాది కూడా.

తరువాత పిలిపించిన ముసలి వడ్రంగి మేస్త్రీ గది గదికీ తిరిగి చూసి, "తాళాలకేం సార్, బంగారంలా ఉన్నాయి, తలుపులే కిందికి దిగాయి" అన్నాడు. పై బందు స్క్రూలు చెక్కలో వదులై, తలుపు బరువుకు హ్యాండిల్ వైపు మూల కిందికి వాలింది. నాలుక వచ్చి రంధ్రం కింది అంచుకు తగిలి ఆగిపోతోంది. చాలా గదుల్లో బందుల పాత రంధ్రాలను చెక్క మేకులతో, జిగురుతో పూడ్చి, పొడవాటి స్క్రూలు వేస్తే తలుపు మళ్లీ పైకి లేచింది. మూడు తలుపులకు మాత్రం అంచు చిత్రిక పట్టవలసి వచ్చింది. రెండు రోజుల పని తొమ్మిది రోజులైంది.

ఇదంతా వడ్రంగి పని, తాళం సమీక్షలో దీనికి చోటెందుకు అని ఎవరైనా అడిగితే, టెక్సాస్‌లోని ఉవాల్డే సంగతి చెబుతాను. 2022 మే 24న అక్కడి రాబ్ ప్రాథమిక పాఠశాలలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు హతులయ్యారు. ఆ ఏడాది జులైలో వచ్చిన టెక్సాస్ శాసనసభ విచారణ సంఘం నివేదిక, కాల్పులు జరిగిన 111వ గది తలుపుకు తాళం సరిగా పడేది కాదని, ఆ సంగతి పాఠశాలలో తెలిసిందే అయినా మరమ్మతు కోసం రాతపూర్వకమైన అభ్యర్థన ఎవరూ పెట్టలేదని పేర్కొంది. తలుపులు తాళం వేసి ఉంచాలన్న నియమాన్ని సిబ్బంది పాటించకపోవడం అక్కడ అలవాటుగా మారిందని కూడా అదే నివేదిక చెప్పింది. అక్కడి చిక్కు తలుపుకు తాళం లేకపోవడం కాదు, ఉన్న తాళం సరిగా పడకపోవడం. మూడో రోజున మా తొమ్మిది తలుపుల ముందు నిలబడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ గది సంఖ్యే.

నాలుక పడటంతో కథ ముగియలేదు. ఈ తాళంలో పెద్ద నాలుక పక్కనే సన్నటి చిన్న నాలుక ఒకటి ఉంటుంది. తలుపు మూసినప్పుడు పెద్దది రంధ్రంలోకి దిగాలి, చిన్నది మాత్రం ద్వారబంధానికి బిగించిన రేకుకు ఆని లోపలికి నొక్కుకుని ఉండాలి. అలా ఉన్నంతసేపే పెద్ద నాలుకను ఎవరూ వెనక్కి నెట్టలేరు. మా పాత రేకుల రంధ్రాలు వెడల్పైనవి కావడంతో నాలుగు గదుల్లో రెండు నాలుకలూ కలిసి రంధ్రంలో పడ్డాయి. ఆ తలుపులను నేను ఒక పాత ప్లాస్టిక్ కార్డుతో, ఏ నేర్పూ లేకుండానే తెరిచాను. తాళంతో పాటు వచ్చిన కొత్త రేకును బిగించడానికి పాత గాడి అడ్డొస్తుందని పనివాళ్లు పాత రేకునే ఉంచేశారట. గాడిని చెక్కతో పూడ్పించి కొత్త రేకులు వేయించాము. ఆ రేకులకు పెట్టెలో వచ్చిన స్క్రూలు అంగుళం కూడా లేవు. వాటి బదులు 75 మిల్లీమీటర్ల స్క్రూలు వేస్తే అవి ద్వారబంధం చెక్కను దాటి గోడలో అమర్చిన బిగింపులోకి దిగాయి. తలుపును బలవంతంగా తెరవబోతే ముందుగా విరిగేది తాళం కాదు, ఆ రేకు పట్టుకున్న పలుచటి చెక్క. ఇంత మంచి తాళంతో అంత పొట్టి స్క్రూలు పంపడం తయారీదారుకు తగని పని.

పాత తాళాలు తలుపు అంచులో లోతుగా తొలిచిన గూట్లో కూర్చునే మోర్టైజ్ రకానివి. కొత్తది తలుపు ముఖానికి 54 మిల్లీమీటర్ల రంధ్రం కోసి బిగించే సిలిండర్ రకం. పాత గూడును అలాగే వదిలి కొత్త రంధ్రం కోస్తే, దెబ్బ తగిలే చోటే తలుపు బోలుగా మిగులుతుంది. మా మేస్త్రీ గూట్లో కొలతకు కోసిన టేకు దిమ్మెను జిగురుతో దించి, అంచును రెండు వైపులా చుట్టుకునే ఉక్కు రేకు తొడిగాడు. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఉంటే, ఇదే పని చేసే మోర్టైజ్ తాళాన్ని పాత గూటికి సరిపడే కొలతలో వెదికేవాణ్ణి. అప్పుడు కోత తక్కువ, తలుపు బలం తగ్గదు. అగ్నినిరోధక తలుపులుగా ముద్ర ఉన్నవాటికైతే ఇష్టం వచ్చినట్టు రంధ్రాలు పెట్టనే కూడదు, ఆ ముద్ర చెల్లకుండా పోతుంది. మావి అలాంటివి కావు.

అద్దం గురించి కూడా చెప్పాలి. పార్క్‌లాండ్‌లో హంతకుడు ఏ తరగతి గదిలోకీ అడుగు పెట్టలేదు, గదుల్లో ఉన్నవారిని తలుపుల్లోని సన్నటి అద్దాల గుండానే కాల్చాడు. మా తలుపుల్లో ఆరింటికి హ్యాండిల్ పక్కనే, చెయ్యి పెట్టేంత వెడల్పున తీగల అద్దం ఉండేది. తీగ ఉంది కనుక గట్టిదని అందరూ అనుకుంటారు, కానీ దెబ్బకు అది మామూలు అద్దం కంటే తేలికగా పగులుతుంది. తీగ పనికొచ్చేది మంటల్లో పగిలిన ముక్కలు రాలకుండా పట్టి ఉంచడానికి. అద్దం పగలగొట్టి చెయ్యి లోపలికి పెడితే, ఎప్పుడూ కదిలే లోపలి హ్యాండిల్ చేతికి దొరుకుతుంది. ఈ తాళంలో ఉన్న అసలైన బలహీనత ఇదే. తయారీదారు దీని గురించి ఎక్కడా హెచ్చరించలేదు. అద్దాలకు లోపలి వైపు భద్రతా ఫిల్మ్ అంటించి, దాని అంచులను చట్రానికి జిగురుతో బంధించాము. చట్రానికి బంధించని ఫిల్మ్‌తో అద్దం మొత్తం ఒక్క పలకగా ఊడివస్తుంది. ఫిల్మ్ తూటాను ఆపదు, చెయ్యి లోపలికి రావడాన్ని కొంతసేపు ఆలస్యం చేస్తుంది, అంతే. అద్దాలను కాగితంతో శాశ్వతంగా మూసేద్దామన్న సూచనను ప్రధానోపాధ్యాయురాలు ఒప్పుకోలేదు. పెద్దలు, పిల్లలు ఉన్న గది మామూలు రోజుల్లో బయటికి కనబడుతూ ఉండటం కూడా పిల్లల రక్షణలో భాగమేనన్నారు. ఆమె మాట సరైనది. అవసరమైనప్పుడు జారవిడిచే చిన్న తెరలు పెట్టాము.

తలుపులు ఎప్పుడూ తాళం వేసే ఉండాలన్న నియమం పెడదామని కొందరు పట్టుబట్టారు. నెల రోజులు ప్రయత్నించాము. నీళ్లు తాగడానికి వెళ్లివచ్చిన ప్రతి పిల్లవాడికీ టీచరు లేచి తలుపు తీయవలసి రావడంతో, రెండో వారానికే తలుపుల కింద ఇటుక ముక్కలు కనబడ్డాయి. ఇప్పుడు తలుపు మూసి ఉండాలి, తాళం మాత్రం హెచ్చరిక వచ్చినప్పుడు వేయాలి అన్నదే నియమం. దానంతట అదే మూసుకునే డోర్ క్లోజర్‌ను ప్రతి తలుపుకూ పెట్టాము. తేమ ఎక్కువైన నెలల్లో చెక్క ఉబ్బి, క్లోజర్ తలుపును చివరి రెండు వేళ్ల మందం దూరం లాగలేకపోతోంది. దాని వేగాన్ని కాలానికి తగినట్టు మరతో సరిచేసుకోవాలి. రిమోట్‌తో అన్ని గదులకూ ఒకేసారి పడే ఎలక్ట్రానిక్ తాళాలు కూడా చూశాము. మందపాటి గోడలు, పాత వైరింగు, నాలుక పడని తలుపులు ఉన్నచోట వాటి గురించి ఆలోచించడం తొందరపాటేననిపించి వదిలేశాము.

ఏడాది వాడకంలో తాళం మీద నిజమైన ఫిర్యాదులు రెండే. రెండు గదుల్లో హ్యాండిల్ బిగింపు స్క్రూలు వదులయ్యాయి. ఒక గదిలో వేలి మర బరువెక్కింది. సిలిండర్‌లో నూనె పోస్తే దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది కనుక గ్రాఫైట్ పొడి వేయించాము, సరిపోయింది. తాళంచెవుల ఏర్పాటు నాకు బాగా నచ్చింది. ప్రతి గదికీ వేరే తాళంచెవి, అన్నిటినీ తెరిచే మాస్టర్ తాళంచెవులు మూడు, నకలు తీయించాలంటే నమోదు చేసిన సంతకం కావాలి. మాస్టర్ ఒకటి అగ్నిమాపక సిబ్బందికి అందేలా ఉంచాము.

భారీ తలుపుల కోసమే తయారైన ఈ తాళాన్ని 44 మిల్లీమీటర్ల మందం తలుపు ఉన్నవారికి సందేహం లేకుండా సూచిస్తాను. అయితే తాళానికి ఒప్పందం రాసుకునే ముందు వడ్రంగికి రాసుకోవాలి. ఒప్పందంలో, మూసిన తలుపును బయటి నుంచి లాగి పరీక్షించి చూపాలన్న మాట తప్పకుండా ఉండాలి. ఇప్పుడు ప్రతి నెలా మొదటి సోమవారం పిల్లలు రాకముందు ఇద్దరు సిబ్బంది, ఒకరు లోపల, ఒకరు బయట నిలబడి, 14 తలుపులూ మూసి లాగి చూసి పుస్తకంలో రాస్తున్నారు. గత నెల ఒక తలుపు మళ్లీ కిందికి దిగినట్టు అందులో నమోదైంది, ఆ వారంలోనే మేస్త్రీ వచ్చి సరిచేశాడు. మిగిలిన రెండు గదుల తలుపులు 35 మిల్లీమీటర్ల మందమే. ఈ తాళం వాటిలో కుదురుగా కూర్చోదు, కదులుతుంది. కొత్త తలుపులు వచ్చేవరకు ఆ రెండు గదుల్లో తరగతులు పెట్టడం లేదు, బెంచీలు, పాత పుస్తకాలు సర్దాము.